అర్జీలోంచి నేను తీసేసిన అరుపు

2023 ఫిబ్రవరి. పలాసలో ఒక ప్రభుత్వ కార్యాలయం ప్రహరీకి ఆనుకుని జిరాక్స్ షాపుంది. దాని రేకు చూరు కింద నా బల్ల, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఇరవై రెండేళ్లుగా అక్కడే అర్జీలు రాస్తున్నాను. మందస నుంచి, వజ్రపుకొత్తూరు నుంచి, సముద్రం ఒడ్డు ఊళ్ల నుంచి బస్సుల్లోనూ ఆటోల్లోనూ వచ్చేవాళ్లు ముందు నా దగ్గర కూర్చుని, తర్వాత లోపలికి వెళతారు.

ఈ పని ఎలా ఉంటుందో తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. మనిషి తన బాధ నోటితో చెబుతాడు. ఆఫీసు నోటిమాట వినదు, కాగితం చదువుతుంది. ఆ మాటను కాగితం చెయ్యడమే నా వృత్తి. అర్జీలో పైన సబ్జెక్టు ఉంటుంది, అంటే విషయం ఒక్క వాక్యంలో. మధ్యలో బాడీ, అంటే జరిగినదంతా. చివర ‘కావున’ అని మొదలయ్యే పేరాను ప్రేయర్ అంటాం. దేవుణ్ణి నమ్మని నేను రోజుకు పది ప్రేయర్లు రాస్తాను. అందులో ప్రార్థన ఏమీ లేదు, ఏం కావాలో అడగడమే.

నా దగ్గర ఒక లాంగ్‌సైజు నోటుపుస్తకం ఉండేది. ఏ రకం అర్జీకి ఏ వాక్యం పనికొస్తుందో అందులో రాసుకున్నాను. భూమికి కొన్ని, పింఛనుకు కొన్ని, రేషను కార్డుకు కొన్ని. ఆడవాళ్ల అర్జీలకు వేరే పేజీ. ‘నిరుపేద అబలనైన నేను’ అన్నది మొదటి వాక్యం. ‘కుటుంబ గౌరవం దృష్ట్యా ఇంతకాలం ఎవరికీ చెప్పుకోలేక మౌనంగా భరించాను’ అన్నది మూడోదో నాలుగోదో. ఎప్పుడో ఒకసారి ఫలించిన వాక్యాన్ని ఎవరి కాగితంలోనైనా పెట్టేవాణ్ణి. నిమ్మకాయ కట్టినవాడి ఆటోకు యాక్సిడెంటు కాలేదని ఊరంతా నిమ్మకాయలు కట్టడాన్ని నేను వేదికల మీద వెక్కిరించాను. నా నోటుపుస్తకం కూడా అలాంటి నిమ్మకాయేనని అప్పటికి తట్టలేదు.

వేదికలంటే పెద్దవేమీ కావు. నెలకు రెండు ఆదివారాలు టెక్కలిలో ఒక మిత్రుడి ఇంటి వరండాలో మా చర్చలు జరిగేవి. ముహూర్తాలు, జాతకాలు, చిల్లంగి అంటే చేతబడి పేరిట మనుషుల్ని కొట్టడం, భర్త పోయిన స్త్రీని శుభకార్యాలకు దూరంగా ఉంచడం, ఇవన్నీ మా కత్తికి ఎరలే. స్త్రీజనోద్ధరణ మీద గంటసేపు మాట్లాడమంటే నాకు కాగితం కూడా అక్కర్లేదు. కాబట్టి ఆడవాళ్ల సంగతి నాకు కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదనుకునేవాణ్ణి.

ఆ ఫిబ్రవరిలో ఒక ఉదయం ఇద్దరు స్త్రీలు వచ్చి కూర్చున్నారు. వాళ్ల పేర్లు మార్చి రాస్తున్నాను. మార్చమని చట్టం చెబుతుంది. ముప్పై దాటిన ఆమె నీలమ్మ, వజ్రపుకొత్తూరు వైపు ఒక చేపల ఊరు. పక్కన ఉన్న పెద్దామె గౌరమ్మ. ఇద్దరూ పలాసలో ఒక చిన్న జీడిపప్పు షెడ్డులో పనివాళ్లు. ఎనిమిది మందే ఉన్న షెడ్డది.

“ఏటమ్మా, దేని గురించి?” అన్నాను.

“సెడ్డు మేస్త్రి గురించి బాబూ,” అంది నీలమ్మ.

వాళ్ల పనిని పీలింగ్ అంటారు. ఉడికించి, పెంకు కొట్టి, బోర్మాలో అంటే వేడి గదిలో ఆరబెట్టిన పప్పు మీద ఎర్రటి పొర మిగులుతుంది. దాన్ని చిన్న కత్తితోనూ గోటితోనూ పప్పు విరగకుండా తీయాలి. సాయంత్రం తూకం వేశాక, బయటికి వెళ్లేటప్పుడు చెకింగ్ ఉంటుంది. పప్పు ఖరీదైనది కనుక క్యారేజీలు, సంచులు, చీర చెంగులు చూస్తారు. వాళ్ల షెడ్డులో ఆ పని ఒక ఆడమనిషి చేసేది. నవంబరులో ఆమె మానేసింది. అప్పటినుంచి మేస్త్రి తనే చెకింగ్ మొదలుపెట్టాడు.

“మొదటి దినం క్యారేజీ ఇప్పి సూసినాడు. సరే, సూడనీ అనుకున్నాను. రెండో దినం సెంగు ఇదిలించమన్నాడు. ఇదిలించినాను. మూడో దినం ఆడే నడుం కాడ సెయ్యి పెట్టీసినాడు.”

“నువ్వేం చేశావు?”

“ఏటి సేత్తాను? ఆ సేతి మీద ఒక్కటి కొట్టినాను. సెయ్యి తియ్యిరా అని అరిసినాను.”

“అరుపంటే అరుపా బాబూ,” అంది గౌరమ్మ. “నాను తూకం కాడున్నాను. నా సేతిలో పళ్లెం జారిపోనాది. బోర్మా కాడి మగోలు కూడా పరిగెత్తుకొచ్చీసినారు. ఆలు రాగానే ఆడు పప్పు దొంగిలించిందనీసినాడు. ఇది ఆడేటి సేసినాడో ఆలందరికీ సెప్పి, సెంగు ఇప్పి సూపించింది. ఒక్క బద్ద నేదు.”

మర్నాడు నీలమ్మ పనికి వెళితే మేస్త్రి ఆమె ముందు పప్పు పొయ్యలేదు. నీకు పని లేదు, వెళ్లమన్నాడు. యజమాని దగ్గరికి రెండుసార్లు వెళ్లింది. చూద్దాం అన్నాడు, పండగ వెళ్లనీ అన్నాడు. పండగ వెళ్లింది. మూడోసారి ఆయన ఇంట్లో లేరన్నారు. ఆ తర్వాత టెక్కలిలో డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పే భారతి అనే అమ్మాయి వీళ్లకు ఒక సంగతి చెప్పింది. పదిమంది కంటే తక్కువ ఉన్న పనిచోట్ల లైంగిక వేధింపు జరిగితే జిల్లాలో లోకల్ కమిటీ అని ఒకటి వింటుంది. జరిగిన మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ గడువుకు ఇంకా పది రోజులుంది.

నేను కలం తీశాను. “మీ ఆయన పేరు?”

చెప్పింది.

“ఆయన సంతకం కూడా ఉంటే అర్జీకి బలం.”

“ఆడు గుజరాతులో బోటు మీదున్నాడు బాబూ. ఆడి సంతకం ఎందుకు? సెయ్యి పెట్టింది నా మీద గదా.”

నవ్వి ఊరుకున్నాను. లోకం తెలియని మాట అనుకున్నాను. తర్వాత నా నోటుపుస్తకంలో ఆడవాళ్ల పేజీ తెరిచి పని మొదలుపెట్టాను. ఒక మత్స్యకారుని భార్యగా, నిరుపేద అబలగా ఆమెను నిలబెట్టాను. అరుపు సంగతి వచ్చేసరికి కలం ఆగింది. ఇరవై రెండేళ్ల అనుభవం నాకు ఒకటి చెప్పింది. అరిచిన ఆడదాన్ని చూసి ఆఫీసు జాలిపడదు. చెయ్యి ఎత్తిన ఆడదాన్ని చూసి అసలే జాలిపడదు. కాబట్టి అరుపు తీసేశాను. దెబ్బ తీసేశాను. ‘నిశ్చేష్టురాలినై కన్నీరు కారుస్తూ ఇంటికి చేరాను’ అని రాశాను. మరి రెండున్నర నెలలు ఎందుకు ఆలస్యమైంది? యజమాని చుట్టూ తిరగడం గురించి రాస్తే యజమానికి కోపం వస్తుంది. దానికి కూడా పుస్తకంలో మందు ఉంది. కుటుంబ గౌరవం దృష్ట్యా ఎవరికీ చెప్పుకోలేక మౌనంగా భరించాను.

“అంతా రాసినావా బాబూ?”

“రాశానమ్మా. ఆఫీసుకు ఎలా చెప్పాలో నాకు తెలుసు.”

మా వృత్తిలో ఒక అలవాటుంది. రాశాక ప్రేయర్ మాత్రమే చదివి వినిపిస్తాం. జరిగినది వాళ్లకు తెలిసిందే కదా, అడిగేదేమిటో తెలిస్తే చాలని. సాక్షిగా గౌరమ్మ పేరు చేర్చి, ప్రేయర్ చదివాను. మేస్త్రి మీద చర్య, పని తిరిగి ఇప్పించడం. ఇద్దరూ తలూపారు. నీలమ్మ ఒక్కొక్క అక్షరమే పేర్చి సంతకం చేసింది.

నెల తిరగకముందే భారతి నా బల్ల దగ్గరికి వచ్చింది. ఆమె ఎవరో కాదు, టెక్కలిలో ఏ మిత్రుడి వరండాలో మేము చర్చలు పెట్టేవాళ్లమో ఆయన కూతురు. నా ముందు రెండు కాగితాలు పెట్టింది. ఒకటి నేను రాసిన అర్జీ. రెండోది దానికి మేస్త్రి ఇచ్చిన జవాబు. అర్జీ ప్రతిని ఎదుటివాడికి పంపి జవాబు తీసుకోవడం కమిటీ పద్ధతి.

జవాబు ఎవరో చదువుకున్నవాడు రాశాడు, బాగా రాశాడు. సారాంశం ఇది. తాను ఎవరికీ చెప్పలేదని ఫిర్యాదుదారే సంతకం పెట్టి ఒప్పుకుంది. ఇప్పుడు మాత్రం ఆ రోజే అంతా తెలిసినదానిగా గౌరమ్మను సాక్షిగా చూపిస్తోంది. రెండింటిలో ఒకటి అబద్ధం. నిజంగా జరిగి ఉంటే అప్పుడే ఎందుకు చెప్పలేదు? పైగా చెకింగ్ అన్నది షెడ్డు నిబంధన, పనిలో చేరినప్పుడే ఆమె దానికి ఒప్పుకుంది.

“ఈ వాక్యం నీలమ్మ చెప్పిందా మాస్టారూ?” అంది భారతి, మౌనంగా భరించాను అన్నచోట వేలు పెట్టి.

“చెప్పలేదు. ఆలస్యానికి కారణం చూపించాలి కదా.”

“కారణం ఆమెను అడిగారా?”

“అడగక్కర్లేదు భారతీ. ఇలాంటివాటిలో కారణం అదే ఉంటుంది.”

“ఆమె అరిచింది. కొట్టింది. షెడ్డంతటికీ చెప్పింది. యజమాని దగ్గరికి మూడుసార్లు వెళ్లింది. వీటిలో ఒక్కటైనా రాశారా?”

“రాస్తే గయ్యాళి అనుకుంటారు. నేను ఆమె మేలు కోరే తీశాను.”

భారతి రెండు కాగితాలనూ పక్కపక్కన సర్దింది.

“మేస్త్రి చెడ్డవాడు మాస్టారూ. మీరు మంచివారు. ఇద్దరి కాగితాలూ ఒకే మాట చెబుతున్నాయి. మానమున్న ఆడది అరవదు, ఎవరికీ చెప్పదు. ఆ మాట మీద నిలబడే మీరు ఆమెకు జాలి సంపాదించబోయారు. ఆ మాట మీద నిలబడే అతను ఆమెను అబద్ధాలకోరు అంటున్నాడు. చెడ్డవాడి చేతా మంచివాడి చేతా ఒకే మాట రాయించే దాన్నే పితృస్వామ్యం అంటారు.”

ఆ మాట నేను విన్నదే. మగవాళ్లందరినీ ఒక గాటన కట్టి తిట్టడానికి పుట్టిన మాటని నా అభిప్రాయం. చర్చల్లో రెండుమూడుసార్లు దాన్ని ఖండించాను కూడా. అప్పుడు కూడా వాదించబోయాను. నేను ఏ ఆడదాన్నీ బాధపెట్టలేదన్నాను. ఇది మీ గురించి కాదు, ఏర్పాటు గురించి అంది భారతి. కులం గురించి మాట్లాడేటప్పుడు మీరే కదా, వ్యక్తి మంచితనం వేరు, ఏర్పాటు వేరు అని మాకు చెప్పింది, అని కూడా అంది. నా వాదంతో నన్నే కట్టేసింది.

“మా నాన్న వరండాలో మీరు స్త్రీజనోద్ధరణ మీద మాట్లాడిన రోజు గుర్తుందా?” అంది లేస్తూ. “నాకు పదమూడేళ్లు. ఆ సాయంత్రం అమ్మ ఏడుసార్లు టీ పెట్టింది. నేను లెక్కపెట్టాను. ఒక్కసారైనా మీలో ఎవరూ ‘కూర్చోండి, మీరేమంటారు’ అనలేదు. అలా ఎవరి కంటికీ ఆనని పనికి కూడా ఒక పేరుంది. అదృశ్య శ్రమ. మళ్లీ వచ్చినప్పుడు ఇంకొన్ని చెబుతాను. ముందు ఈ కేసు చూడండి.”

కేసు సంగతి తేలికైనది కాదు. ఫిర్యాదు నిలవకపోతే మేస్త్రి మిగతా షెడ్ల మేస్త్రీలకు చెబుతాడు. వాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే. దొంగ, పైగా అబద్ధాలకోరు అని పేరు పడితే పలాసలో నీలమ్మకు ఏ షెడ్డూ పని ఇవ్వదు. ఆమెకు చేతనైన పని పీలింగ్ ఒక్కటే. సాక్షిగా వచ్చినందుకు గౌరమ్మ పని కూడా పోతుంది. దీనంతటికీ కారణం మేస్త్రి చెయ్యి ఒక్కటే కాదు. నా చెయ్యి కూడా.

మర్నాడు నీలమ్మ వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అర్జీ మొత్తం చదవమంది. మొదటిసారి మొత్తం చదివాను. అబల దగ్గర ఏమీ అనలేదు. కన్నీరు కారుస్తూ ఇంటికి చేరిన చోట చెయ్యెత్తి ఆపింది.

“ఎవలు బాబూ ఆ మనిసి?”

“నువ్వేనమ్మా.”

“నాను కాదు. నాను ఆ దినం ఏడవనేదు. ఇంటికెల్లి సేపలు కడిగినాను, మా ముసలత్తకి ఒండి ఎట్టినాను, మల్లా పొద్దున్నే పనికొచ్చినాను. ఏడుపొచ్చింది ఎప్పుడో తెలుసా? నీకు పని నేదు ఎల్లు అన్నప్పుడు.”

“తప్పు నాది.”

“తప్పు నీదే. సెప్పినాను గదా, అరిసినానని. గౌరమ్మత్త కూడా సెప్పింది. ఇద్దరం సెప్పినా నీ సెవికి ఎక్కనేదేటి?”

ఎక్కింది. ఎక్కిందాన్నే తీసేశాను. ఆ మాట ఆమెకు ఎలా చెప్పాలో తెలియక, అర్జీ పరువుగా ఉండాలని అలా చేశానన్నాను.

“నా పరువుకేటయింది బాబూ? పరువు పోవాల్సింది ఆడిది.”

ఆ మధ్యాహ్నం ఇద్దరం కలిసి ఇంకొక కాగితం రాశాం. అడిషనల్ స్టేట్‌మెంట్ అంటారు దాన్ని, అంటే ముందిచ్చినదానికి చేర్పు. అందులో ఆమె చెప్పిన వరస చెప్పినట్టే పెట్టాను. అయితే అది ఒక్కటీ చాలదని నాకు తెలుసు. సంతకం పెట్టిన మొదటి కాగితాన్ని ఇప్పుడు కాదంటే, జవాబు చూసి మాట మార్చిందంటారు. ఆ వాక్యం ఆమెది కాదని ఎవరైనా చెప్పాలి. చెప్పగలిగినవాణ్ణి నేను ఒక్కణ్ణే.

మా పక్క బల్ల మీద సత్యం కూర్చుంటాడు. నాకంటే పదేళ్ల ముందునుంచీ ఈ పనిలో ఉన్నాడు. సంగతి విని కళ్లజోడు తీశాడు.

“ఏటి బావా, బుర్ర తిరిగిందేటి నీకు? మనం రాసింది మన మాటే అని నువ్వెల్లి ఒప్పీసుకుంటే, రేపు మన కాడ అర్జీ ఎవులు రాయించుకుంటారు? ప్రతీ కాగితానికీ ఇదే అంటారు, రైటరు కల్పించినాడని.”

“కల్పించాను కదా.”

“అందరం కల్పిత్తాం. అందుకే గదా మన కాడికొత్తారు.”

అతను అన్నదాంట్లో తప్పు లేదు. ఈ వృత్తి గురించి అంత నిజం అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

విచారణకు శ్రీకాకుళం వెళ్లేలోగా భారతి రెండుసార్లు వచ్చింది. నేను కొత్త విద్యార్థిలా అడిగేవాణ్ణి. ఆమె నా పనిలోంచే ఉదాహరణలు తీసి చెప్పేది. మేస్త్రి జవాబులో ‘అప్పుడే ఎందుకు చెప్పలేదు’ అన్న ప్రశ్న ఉంది చూశారా, చేసినవాణ్ణి వదిలేసి పడినదాన్ని నిలదీయడాన్ని విక్టిమ్ బ్లేమింగ్ అంటారు. కన్సెంట్ అంటే మీరు అంగీకారం అని రాసి ఊరుకుంటారు. ఎవరి అంగీకారం, దేనికి, ఎంతవరకు అని అడగాలి. క్యారేజీ చూపించడానికి ఒప్పుకున్న మనిషి ఒంటి మీద చెయ్యి వేయడానికి ఒప్పుకున్నట్టు కాదు. పని పోతుందన్న భయంతో నోరు మూసుకున్నా అది ఒప్పుకున్నట్టు కాదు. తెలుగులో సమ్మతి అంటున్నాం. ఏజెన్సీ అన్నదానికి మాత్రం ఆమె దగ్గర కూడా సులువైన తెలుగు లేదు. కర్తృత్వం అంటారు కొందరు, ఎవరికీ అర్థం కాదు అంది. తన సంగతి తానే పూనుకుని నడుపుకునే శక్తి అని వివరించింది.

ఆ వివరణను నేను నీలమ్మకు చెప్పాను, విచారణ రోజున, బస్సులో. ఆమెకు ధైర్యం చెప్పాలని నా ఉద్దేశం.

“సెయ్యి తియ్యమని నానే సెప్పినాను, నానే కొట్టినాను. దానికి మల్లా పేరొకటా?” అంది నీలమ్మ కిటికీలోంచి చూస్తూ.

“పేరుంటే మంచిదేలే,” అంది వెనక సీటులోంచి గౌరమ్మ. “మనం పేరు ఎట్టకపోతే ఆలు గయ్యాలి అని ఎడతారు.”

మాతో వచ్చిన భారతి నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆ పేరు పెట్టినవాణ్ణి నేనే.

కమిటీ గదిలో జరిగినదంతా రాయను. రాయడానికి చట్టం ఒప్పుకోదు. నాకు సంబంధించినంతవరకే చెబుతాను. పొడుగు బల్ల, అవతల ఎక్కువమంది ఆడవాళ్లే. అధ్యక్షురాలు రిటైరైన ఉద్యోగిని. నీలమ్మ చెప్పవలసింది చెప్పాక నన్ను పిలిచారు.

“ఈ అర్జీ మీరు రాశారా?”

“రాశానండి.”

“‘ఎవరికీ చెప్పుకోలేక మౌనంగా భరించాను.’ ఈ మాట ఈవిడ మీకు చెప్పారా?”

“చెప్పలేదండి. నేను పెట్టాను. ఆమె చెప్పింది వేరు. అరిచానని, అతని చేతి మీద కొట్టానని, అక్కడున్నవాళ్లందరికీ చెప్పానని. అవన్నీ నేను తీసేశాను. మొత్తం చదివి వినిపించలేదు కూడా.”

మేస్త్రి తరఫున వచ్చినాయన లేచాడు. ఇప్పుడు కేసు కోసం ఈయన అలా చెబుతున్నాడన్నాడు. ఆ మాట వస్తుందని నాకు తెలుసు. సంచిలోంచి నోటుపుస్తకం తీసి అధ్యక్షురాలి ముందు పెట్టాను.

“ఆడవాళ్ల అర్జీల పేజీ చూడండి. నీలమ్మ నా దగ్గరికి రావడానికి ఏళ్ల ముందే ఆ వాక్యం అక్కడ ఉంది. నా దగ్గరికి వచ్చిన చాలామంది ఆడవాళ్ల కాగితాల్లో అదే ఉంటుంది. వాళ్లలో ఎంతమంది నిజంగా మౌనంగా ఉన్నారో నాకు తెలియదు. నేను అడగలేదు.”

ఆవిడ ఆ పేజీ చదివారు. అంచులు నలిగి, సిరా వెలిసిన పేజీ. కొత్తగా రాసింది కాదని చూడగానే తెలుస్తుంది. పక్కనున్న సభ్యురాలికి ఇచ్చారు. ఆ పుస్తకం బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కొక్కరి చేతిలోంచి వెళ్లింది. జీవితంలో నేను ఎన్నో మూఢనమ్మకాలను నలుగురి ముందు పెట్టి విప్పి చూపించాను. నాది పెట్టడం అదే మొదటిసారి.

చివరకు పుస్తకం నా దగ్గరికి వచ్చింది. “ఇది ఇంకా వాడుతున్నారా?” అని అడిగారు ఆవిడ.

“లేదండి,” అన్నాను.

చెకింగ్‌కు ఒప్పుకునే పనిలో చేరింది కదా అన్న ప్రశ్న కూడా వచ్చింది. దానికి నీలమ్మ ఇచ్చిన జవాబు మాత్రం రాస్తాను, ఆమె రాయమంది కనుక. “క్యారేజీ సూడమన్నాను, సూసినాడు. సెంగు ఇదిలించమన్నాడు, ఇదిలించినాను. సెయ్యి ఎయ్యమని నాను సెప్పనేదు. ఎయ్యొద్దని సెప్పినాను, ఊరంతా ఇన్నాది.” సమ్మతి గురించి భారతి నాకు రెండు రోజులు చెప్పిన పాఠం అందులో ఉంది.

రెండు నెలల తర్వాత కమిటీ నివేదిక వచ్చింది. ఫిర్యాదు రుజువైందని, చెకింగ్ ఆడమనిషే చేయాలని, నీలమ్మను పనిలోకి తీసుకోవాలని అందులో ఉంది. యజమాని తీసుకున్నాడు. మేస్త్రిని మానిపించాడు కూడా. అతను నెల తిరక్కుండా ఊళ్లోనే వేరే షెడ్డులో చేరాడని విన్నాను. గౌరమ్మకు కొన్నాళ్లు విరిగిన పప్పే ఎక్కువ పోశారు, దాని పొర తీయడానికి రెట్టింపు సమయం పడుతుంది. ఆమె నీలమ్మతో చెప్పి, ఇద్దరూ యజమాని దగ్గరికి వెళ్లి అడిగాక అది ఆగింది. వాళ్లు అర్జీ కోసం నా దగ్గరికి రాలేదు. అవసరం పడలేదు.

సత్యం చెప్పినట్టే నా బల్ల దగ్గరికి వచ్చేవాళ్లు కొంతకాలం తగ్గారు. తర్వాత మళ్లీ వచ్చారు. ఆడవాళ్లు మునుపటికంటే ఎక్కువగానే వస్తున్నారు. ఎందుకో నేను అడగలేదు. నేను మార్చుకున్నవి మూడే. రాసేముందు రెండుసార్లు వింటాను. రాశాక సబ్జెక్టు నుంచి ప్రేయర్ దాకా మొత్తం చదివి వినిపిస్తాను. భర్త సంతకం అడగను. ఈ మూడూ నేర్చుకోవడానికి ఏ చట్టమూ అక్కర్లేదు, ఏ ఇంగ్లీషు మాటా అక్కర్లేదు అని ఇప్పుడు అనిపిస్తుంది. కానీ ఆ మాటలు లేకుండా ఇరవై రెండేళ్లు గడిపాను, నేర్చుకోలేదు. పేరు లేని తప్పు తప్పులా కనిపించదు, అలవాటులా కనిపిస్తుంది. చిల్లంగి అన్న నమ్మకాన్ని నమ్మకం అని పిలవడం నేర్చుకున్నాకే దాన్ని ప్రశ్నించాం. నా జాలి కూడా అలాంటి నమ్మకమేనని తెలియడానికి నాకు అంత కాలం పట్టింది. ఎదుటి మనిషిని చిన్నది చేస్తే తప్ప ఆ జాలి పుట్టదు.

ఉద్ధరణ అన్న మాటను కూడా నేను వాడటం మానేశాను. పైన ఒకడు, కింద ఒకతె ఉంటే తప్ప అది జరగదు. టెక్కలి వరండాలో మా చర్చలు ఇప్పటికీ జరుగుతున్నాయి. ఈ కేసు తర్వాత మొదటి ఆదివారం భారతి వాళ్లమ్మను వచ్చి కూర్చోమన్నాను. ఆవిడ వచ్చి కూర్చుని, పది నిమిషాలు మా మాటలు విని, ఇంతసేపూ ఇవేనా మీరు మాట్లాడుకునేవి అని అడిగి లోపలికి వెళ్లిపోయారు. ఆ రోజు టీ నేను పెట్టాను. బాగా లేదన్నారు.

ఈ వ్యాసం రాసి పత్రికలో వేయవచ్చా అని నీలమ్మను అడిగాను. పేరు మారుస్తానని, ఊరు చెప్పనని అన్నాను. రాసి తెచ్చి చదివితే అప్పుడు చెబుతానంది. షెడ్డు వదిలే వేళకు వెళ్లి, గేటు అవతల ఆటోల దగ్గర నిలబడి, ఇక్కడిదాకా మొత్తం చదివాను. గౌరమ్మ కూడా విన్నది. మధ్యలో ఇద్దరూ ఒకరినొకరు రెండుసార్లు చూసుకున్నారు. చదవడం అయ్యాక నీలమ్మ క్యారేజీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

“బాగానే ఉన్నాది బాబూ. ఎయ్యి.”

“ఏమైనా మార్చాలా?”

ఆలోచించింది. ఆటోవాడు హారను కొట్టాడు.

“అరిసిన కాడ,” అంది ఆటో ఎక్కుతూ, “ఇంకొంచెం గట్టిగా రాయాల్సింది.”